చీమల వెంచరు

ఆ రోజుల్లో టేపుతో కొలవలేనిది ఏదైనా నాకు కాస్త అనుమానంగానే ఉండేది. సివిల్ డిప్లొమా చేతికొచ్చింది, ఉద్యోగం ఇంకా రాలేదు. అందుకే తొండుపల్లిలో మా మేనత్త నడిపే చిన్న బడిలో, మూడో తరగతి పిల్లలకు శనివారాలు ఆరుబయట ప్రకృతి పాఠం చెబుతానన్నాను. "తీస్కపో. గానీ ఊరోళ్లల్ల ఒక్కరు లొల్లికొచ్చినా, ఇగ పిల్లలను గేటు దాటనియ్య," అంది అత్త. వారమంతా గోడల మధ్య గడిపే ఆ పిల్లలు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

బడి వెనక బీడులో పద్ధతిగా మొదలుపెట్టాను. ముందు టేపు, తర్వాత దారం, ఆ పైన ముగ్గుపిండితో మీటరుకు మీటరు గళ్లు. ఒక్కో గడి ఒక్కొక్కరిది. అందులో కదిలేవీ మొలిచేవీ చూసి చెప్పాలి. (మూలలు లంబకోణంలో ఉన్నాయో లేదో మళ్లీ సరిచూశాను. చీమలకు దాని అవసరమేమిటో ఆలోచించలేదు.) "సార్, నాది కార్నర్ బిట్టు!" అని ఒకడు గంతేశాడు. "నాది ఈస్ట్ ఫేసింగ్," అంది రెండు జడల పిల్ల. విమానాశ్రయం చుట్టూ భూముల మాటలు వింటూ పెరిగిన పిల్లలు మరి.

అంతలో పక్క చేనులోంచి ఒక అవ్వ కొడవలితో పరుగున వచ్చింది. "ఎవలనడిగి కొలుస్తున్నవ్‌రా? ఏర్‌పోర్టప్పుడు గూడ గిట్లనే టేపు పట్టుకొనొచ్చిండ్రు, ముగ్గు పోసిండ్రు, సగం చేను పాయె. ఇగ ఉన్నది గూడ గుంజుకుంటరా?" "అవ్వా, ఇది పరిశీలన..." అన్నాను. కొడవలి పైకి లేచింది. (అప్పుడు కొలవడానికి వచ్చినవాళ్లు కూడా అదే మాట చెప్పి ఉంటారు.) గేటు దగ్గర అత్త నిలబడి చూస్తోంది. పిల్లల శనివారాలు అయిపోయాయనుకున్నాను.

రెండు జడల పిల్ల మాత్రం తల కూడా ఎత్తలేదు. "అవ్వా, జర పక్కకు జరుగు. నా ప్లాట్ల చీమలు ఇల్లు కట్టుకుంటున్నయ్, తొక్కుతవ్!"

అవ్వ గభాలున కాలు వెనక్కి తీసుకుంది. వంగి చాలాసేపు చూసింది. "గజం ఎంతకిచ్చినవే వీటికి?"

"ఊకెనే ఇచ్చిన."

అవ్వకు నవ్వాగలేదు. నా వైపు తిరిగి, "పిల్లలకు చూపెట్టు బిడ్డా, ఎవలు వద్దన్నరు? గా ముగ్గు మాత్రం చెరిపెయ్. అది చూస్తే నాకు బువ్వ దిగది," అంది. చీమల జోలికి పోకుండా, ఒక గీతను తానే కాలితో చెరిపింది. అత్త దగ్గరికొచ్చి, "లొల్లికొచ్చిన మనిషి నవ్వుకుంట పోయింది. దీన్ని లొల్లి లెక్కల పట్టను," అంది. మరుసటి శనివారం గేటు తెరిచే ఉంది.

ఇప్పుడు పునాదులకు ముగ్గు పోయించడమే నా ఉద్యోగం. సైటులో టేపు పరిచే ముందు చుట్టుపక్కల చేలలో ఉన్నవాళ్ల దగ్గరికెళ్లి, ఏం కడుతున్నామో, ఎక్కడిదాకానో చెప్పి వస్తాను. లంబకోణం కోసం తంటాలు పడిన అప్పటి నేను గుర్తొచ్చి నవ్వుకుంటూ, గీత పడబోయే చోట ఒకసారి వంగి చూస్తాను. (ఎందుకు వంగుతున్నారని అడిగిన మేస్త్రీకి, నడుం నొప్పికి వ్యాయామమని చెప్పాను.)