గోడకుర్చీ నాలుగు నిమిషాలు

గేటక్క కుర్చీ ఒక సోమవారం పొద్దున మాయమైంది. ఏ దొంగా ఎత్తుకుపోలేదు. ఆ ఏడంతస్తుల ఆఫీసు భవనంలోకి దొంగలు చొరబడకుండా చూడటమే ఆమె ఉద్యోగం. కుర్చీని తీయించింది మేనేజరు. "కూర్చున్న గార్డు వచ్చినవాళ్ళకి నిద్రమొహంలా కనపడుతుంది" అన్నాడు. ఆ ముక్క అనేటప్పుడు ఆయన గిర్రున తిరిగే తోలుకుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు.

గేటక్కకి నలభై ఆరేళ్ళు. లోపలికొచ్చే ఆడవాళ్ళ బ్యాగులు తనిఖీ చేస్తుంది. పది గంటల డ్యూటీ. సాయంత్రానికి పాదాలు వాచిపోయి బూట్లలోంచి రామంటాయి. పిక్కల మీద నరాలు నీలంగా మెలికలు తిరిగి ఉబ్బుతాయి. "గంటకి పది నిమిషాలన్నా కూర్చోకపోతే ఇవి పుండ్లు పడతాయమ్మా, అప్పుడిక ఏ ఉద్యోగమూ చెయ్యలేవు" అని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పింది. ఆ మాట మేనేజరు చెవిన వేస్తే "అందరి కాళ్ళూ నొప్పులే" అన్నాడు.

కొన్నాళ్ళకి గార్డులంతా నీరసంగా ఉంటున్నారని ఆయనకి తట్టింది. ఎందుకని వాళ్ళనే అడిగితే సరిపోయేది. కానీ కింది మనిషిని అడిగి తెలుసుకోవడం ఆయనగారికి నామోషీ. ఓ కరాటే మాస్టరును పిలిపించాడు. నడుముకి నల్ల బెల్టు, మెడలో విజిలు, చేతిలో రంగు కార్డుల కట్ట. డ్యూటీకి ముందు అరగంట, కింద పార్కింగులో, పదకొండు మంది గార్డులూ వరసగా నిలబడాలి. ఆ అరగంట డ్యూటీలోకి రాదని మేనేజరు ముందే చెప్పేశాడు.

"గోల్ ఉండాలి!" అని మాస్టరు కేక పెట్టాడు. "ఊరికే బలం పెంచుకుంటానంటే కుదరదు. ఎంత? ఎప్పటికి? రెండూ రాయాలి. రాసి రోజూ కళ్ళెదుట పెట్టుకోవాలి. అప్పుడే ఊపు!"

తలా ఒక కార్డు రాశారు. ఒకడు యాభై బస్కీలన్నాడు. ఇంకొకడు ఐదు కిలోలు తగ్గుతానన్నాడు. పార్కింగు దగ్గరుండే గార్డును అందరూ పుల్ల అంటారు. ఆ పుల్ల కూడా పక్కవాడి కార్డు చూసి ఐదు కిలోలు తగ్గుతానని రాసేశాడు. గేటక్క కాసేపు ఆలోచించి, వంకరటింకర అక్షరాలతో ఇలా రాసింది: "గేటు దగ్గర కుర్చీ ఒకటి. ఈ నెల ముప్పైలోగా."

మాస్టరు చదివాడు. మళ్ళీ చదివాడు. ఎంత అన్నది ఉంది. ఎప్పటికి అన్నదీ ఉంది. తప్పు పట్టడానికేమీ దొరక్క మేనేజరు వైపు చూశాడు.

"ఇది గోల్ కాదమ్మా, డిమాండు" అన్నాడు మేనేజరు.

"అయితే ఏం రాయాలో మీరే చెప్పండి సార్."

అంతమంది వింటుంటే ఆయనకి హుషారొచ్చింది. "గోడకుర్చీ వెయ్యి. నాలుగు నిమిషాలు. వేశావో, నీ కుర్చీ నీకిచ్చేస్తా."

"మాటేనా సార్?"

"మాటే!"

గోడకుర్చీ బడిలో అల్లరి పిల్లలకి వేసే శిక్ష. వీపు గోడకి ఆనించి, కింద ఏమీ లేకపోయినా ఉన్నట్టే మోకాళ్ళు మడిచి కూర్చోవాలి. ఉన్న కుర్చీ లాక్కుని, లేని కుర్చీలో కూర్చుంటే తిరిగిస్తాననడం మేనేజర్లకే తట్టే తెలివి. మాస్టరైతే దానికి చప్పట్లు కూడా కొట్టాడు.

ఆ సాయంత్రం గేటక్క ఇంట్లో పొయ్యి పక్క గోడకి ఆని గోడకుర్చీ వేసింది. అత్తగారు గడియారం చూసి, "ఇరవై రెండు సెకన్లు. నా మోకాళ్ళే నయం" అంది.

"కుర్చీ కోసం అత్తయ్యా."

"కుర్చీకేం కరువొచ్చింది? నాది పట్టుకుపో."

"మనింటి కుర్చీ ఎందుకు మొయ్యాలి? వాళ్ళు ఇవ్వాల్సింది వాళ్ళే ఇవ్వాలి."

అత్తగారు తన కుర్చీని గడియారం ఎదురుగా వేసుకుంది. మర్నాటి నుంచి లెక్కపెట్టే పని తనదే అంది.

నాలుగు నిమిషాలని తలుచుకుంటే కాళ్ళు అక్కడికక్కడే చచ్చుబడుతున్నాయని గేటక్క రెండ్రోజుల్లో గ్రహించింది. నిన్నటికన్నా పది సెకన్లు, అంతే అనుకుంది. తలుపు చెక్క మీద రోజుకో పెన్సిలు గీత. కొన్ని రోజులు గీత ముందుకు పోలేదు. ఒకరోజు వెనక్కి పోతే, అత్తగారు మేనేజరును పట్టుకుని ఏకధాటిగా తిట్టింది. ఆ తిట్ల ఊపుకి మర్నాడు ఇరవై సెకన్లు పెరిగింది.

ముప్పయ్యో తారీకున పార్కింగు గోడకి వీపు ఆనించింది. మూడో నిమిషానికి తొడలు గడగడలాడాయి. గడ్డం మీంచి చెమట బొట్లు బొట్లుగా కారింది. పుల్ల వినీ వినపడకుండా అంకెలు లెక్కపెడుతున్నాడు. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు! గార్డులంతా ఈలలు వేశారు.

"శభాష్!" అన్నాడు మేనేజరు. "చూశారా? ఇంత గట్టి కాళ్ళున్న మనిషికి కుర్చీ దేనికి? గోల్ పెంచమ్మా. ఆరు నిమిషాలు చెయ్యి."

ఆయనొక్కడే నవ్వాడు. గేటక్క ఆయన్ని చెప్పుకి అంటుకున్నదాన్ని చూసినట్టు చూసి, చెమట తుడుచుకుని గేటు దగ్గరికి పోయింది.

మర్నాడు జనం తోసుకొచ్చే వేళకి, అద్దంలా మెరిసే రాతిగోడకి ఆనుకుని యూనిఫాంలోనే గోడకుర్చీ వేసింది. అలాగే బ్యాగులు చూస్తోంది.

"ఏం తప్పు చేశావక్కా?" ఓ ఆఫీసమ్మాయి గాభరాపడింది.

"తప్పు కాదమ్మా, గోల్. మేనేజరుగారు పెట్టారు."

"మరి నీ కుర్చీ?"

"ఆయనే తీయించేశారు."

కాళ్ళు ఓపలేనప్పుడు లేచేది, కాస్త తేరుకుని మళ్ళీ వేసేది. మర్నాడు లిఫ్టు గార్డు వేశాడు. మూడో రోజుకి పుల్లతో సహా పదకొండు మందీ ఎక్కడివాళ్ళక్కడ గోడలకి అంటుకున్నారు. నాలుగో రోజు భవనం యజమాని నలుగురు అతిథులతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేమన్నా బడా? ఎవరయ్యా వీళ్ళకి శిక్ష వేసింది?"

"ఫిట్‌నెస్ సార్..." అని నసిగాడు మేనేజరు.

"ఆరు నిమిషాల గోల్ సార్. చేస్తే నా కుర్చీ నాకిస్తానన్నారు" అంది గేటక్క, లేవకుండానే.

మధ్యాహ్నానికి కుర్చీ వచ్చింది. గీతలు పడ్డ ప్లాస్టిక్ కుర్చీ. గేటక్క కూర్చుని బూట్ల లేసులు వదులు చేసుకుంది. మేనేజరు ఆ పక్క నుంచే రెండుసార్లు పోయాడు. ఆమె లేవలేదు.

సాయంత్రం, పార్కింగులో అందరి కార్డులూ గుచ్చిన బోర్డు మీంచి తన కార్డు తీసింది. "గేటు దగ్గర కుర్చీ ఒకటి" కొట్టేసి "ఇంకా పది కుర్చీలు" అని రాసింది. కింద కొత్త నెల ముప్పై అని తారీకు వేసి, మళ్ళీ బోర్డుకి గుచ్చింది. మర్నాడు మాస్టరు దాన్ని చదివాడు. మళ్ళీ చదివాడు. ఈసారి మేనేజరు వైపు చూడకుండా, ఊడిపోబోతున్న పిన్నును బొటనవేలితో గట్టిగా నొక్కాడు.