మూడు చప్పట్ల పాట

పోయిన నెల మా లైను ఇళ్ల ముందుకు ఒక వ్యాను వచ్చి నిలిచింది. లోపల మైకులు, కంప్యూటరు. ఊరూరా తిరుగుతూ పిల్లలకు పాట రికార్డు చేయడం, వీడియో తీయడం నేర్పే బండి అట. అందులో చేరిన మా మనవరాలు, "అవ్వా, నువ్వు కట్టిన పాట పాడు" అంటూ నన్ను ఎక్కించింది.

కేజీఎఫ్‌లో బంగారు గనుల దగ్గర బతికిన నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు, గనిలోంచి మనుషులను పైకి తెచ్చే కేజ్, అంటే ఇనుప బోను, కదిలే ముందు గంట మూడుసార్లు కొట్టేవారు, రెండుసార్లు కొడితే కిందికి దించమని. మా ఆయన షిఫ్టు ముగించి వచ్చేదాకా వాకిట్లో కూర్చుని నేనొక పాట కట్టాను. ప్రతి చరణానికీ ఆ గంటల్లాగే మూడు చప్పట్లు, ఆఖరి చరణంలో మా వాడుక ప్రకారం కట్టినదాని పేరు, అంటే నా పేరు. అప్పుడు నాకు అక్షరం ముక్క రాదు. ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ చర్చిలో పాటలు నడిపించే మా బావగారు, అంటే మా ఆయన అన్న, "చెప్పమ్మా, రాసి పెడతాను, పోకుండా ఉంటాది" అంటే నమ్మి చెప్పాను. ఆరు నెలలకు రాబర్ట్‌సన్‌పేట అంగళ్లలో ఆయన ఫోటోతో క్యాసెట్టు వచ్చింది; ఆఖరి చరణంలో ఆయన పేరు ఉంది. చర్చి వాకిట్లో అందరి ముందే నిలదీశాను.

"ఏలిముద్ర ఏసేది పాట కట్టిందంట! యాడన్నా ఉండాదా అప్పా ఈ ఇచిత్రం?" అన్నాడు. జనం నవ్వారు. మా ఆయన తల వంచుకున్నాడు.

ఆ పగతోనే నలభై దాటాక పలక పట్టాను. బైబిలు చదువుకోవడానికని పాస్టరుగారికి చెప్పింది అబద్ధం.

ఇప్పుడు పిల్లలు నా పాట రికార్డు చేసి, ఆ క్యాసెట్టూ వెతికి తెచ్చి, రెండూ ఒకే వీడియోలో పెట్టారు. చర్చి హాలులో చూపించే రోజున ముఖ్య అతిథిగా బావగారినే పిలిపించాను. శాలువా కప్పుతామంటే ఆయన ఎక్కడికైనా వస్తాడు. ముందు ఆయన పాట వేశారు. అందులో చప్పట్లు రెండే. గుంతలోకి, అంటే గనిలోకి, ఒక్కనాడూ దిగని మనిషి, రాగానికి అడ్డమని ఒకటి తీసేశాడు. ఆ రోజుల్లో ఎవరైనా గమనించినా పెద్దమనిషని ఊరుకున్నారేమో గాని, ఈసారి వెనక వరుసలోంచి పాత గనివాడొకడు లేచాడు.

"ఏం సామీ, పైకి రావాల్సిన మొగుణ్ణి మళ్లా గుంతలోకే దించేసినావే!"

హాలంతా పకపకలు. తర్వాత నా గొంతు, మూడు చప్పట్లు, నా పేరు. పాట ఎవరిదో ఇంగ ఒకరు చెప్పే పని లేకపోయింది.

బావగారు శాలువా సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "పోనీలేమ్మా, ఇద్దరమూ మట్టికి దగ్గరైనోళ్లం."

"మీరు మట్టిలోకి పొయ్యేలోపల ఈ పొద్దు చూడాలనే కదా బావా, ఇన్నేండ్లు కాచుకోని ఉండేది" అన్నాను. జాలి కలగలేదు. కలిగిందని రాస్తే అది ఇంకో అబద్ధం.

ఈ కాలపు ఆడపిల్లలు తమ గొంతును తామే రికార్డు చేసుకుంటున్నారు, రాసిపెట్టేవాడి కాళ్ల దగ్గర కూర్చోనక్కరలేదు. వ్యాను వెళ్లిపోయాక మనవరాలు ఇంకో పాట కట్టమంది. వాకిట్లో కూర్చుని చూశాను. గని మూతపడింది, ఎదురుచూడటానికి మా ఆయనా లేడు, ఒక్క చరణమైనా రాలేదు. క్యాసెట్టు వచ్చిన నాటి నుంచి నేను మరో పాటే కట్టలేదని అప్పుడు తెలిసింది. ఒక్క పాటకే పగ తీరింది. కట్టకుండా పోయినవాటికి ఇంకా తీరలేదు.