గోడకెక్కాల్సిన ఫోటో

మా హాలు గోడ మీద నీలం కోటు, ఎర్ర టై వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఉంటాడు. ఆయన మా నాన్న. బతికున్నన్నాళ్లూ పంచె కట్టి, భుజాన తువ్వాలుతో చేలోకీ కొబ్బరితోటలోకీ తిరిగిన మనిషి. పెళ్లిళ్లలో ఎవరైనా కోటు వేసుకుంటే "పాపం, ఎలా ఉడికిపోతున్నాడో" అని జాలిపడేవాడు. తీరా పోయాక చూస్తే సరైన ఫోటో ఒక్కటీ లేదు. ఎవరిదో పెళ్లి ఫోటోలోంచి నాన్న మొహం తీసి, స్టూడియో వాళ్లు తమ దగ్గరున్న కోటు తొడిగి, టై కూడా కట్టి, పెద్దకర్మ నాటికి అందించారు. మర్యాద చేశామనుకున్నారు. అమ్మ దండ వేస్తూ ఒకసారి పరకాయించి చూసింది.

"ఈయనెవరో బాగానే ఉన్నారు గానీ, నేను చేసుకున్నది ఈయన్ని కాదురా" అంది.

అప్పట్నుంచి ఆవిడకి ఒకటే బెంగ. "రేపు నేను పోతే నాకు ఏ పట్టుచీర అతికిస్తారో, ఎవరి నెక్లెసు పెడతారో. నేనుండగానే ఒక్క ఫోటో తియ్యరా. గోడ మీద చూస్తే నేనే అనిపించాలి."

ఫోనుతో తీశాను. నా ఫోనుకి అందరినీ తెల్లగా చేసేయాలని మహా ఉబలాటం. అమ్మ మొహానికి బియ్యప్పిండి రాసినట్టు వచ్చింది. పెద్దది చేయిస్తే అదీ చెదిరిపోయింది. అలా, రిటైర్మెంటు దగ్గరపడుతున్న వయసులో, కెమెరా ఎటునుంచి పట్టుకోవాలో తెలియని నేను కెమెరా కొనే పనిలో పడ్డాను.

ఏదైనా తెలుసుకుని కొనడం నాకు అలవాటు. ఇంటర్నెట్లో ఒకాయన మెగాపిక్సెళ్లే ప్రాణమన్నాడు. ఇంకొకాయన అవన్నీ ఉత్త మోసం, సెన్సరు చూసుకోవాలన్నాడు. మూడో ఆయన మంచి కన్నుంటే ఏ కెమెరా అయినా ఒకటేనని ఉపన్యాసమిచ్చి, చివర్లో అన్నిటికన్నా ఖరీదైనది కొనమన్నాడు. కువైట్ నుంచి సెలవుకి వచ్చిన మా బావమరిదిది ఇంకో సిద్ధాంతం.

"లెన్సు పొడుగ్గా ఉండాలి బావగారూ. మెడలో వేసుకెళ్తే జనం దారివ్వాలండి."

వానలు వచ్చి వెళ్లాయి. నేనింకా ఒకదానితో ఒకటి పోల్చి చూస్తూనే ఉన్నాను. అమ్మకి విసుగొచ్చింది. "నువ్వు కొనేలోపు నాక్కూడా కోటు తొడిగేస్తార్రా" అని తనే ముందు ఆటో ఎక్కి కూర్చుంది.

అమలాపురంలో షాపు ఆయన మర్యాదగా కుర్చీలు వేయించాడు.

"ఏం తీస్తారండి దీంతో? ఫంక్షన్లా, టూర్లా?"

"మా అమ్మగారి ఫోటో అండి."

"ఆయ్. ఇంకా?"

"అంతేనండి."

ఆయన నా వైపు జాలిగా చూసి, అద్దాల బీరువాలోంచి మెరిసిపోతున్న కెమెరా ఒకటి తీశాడు. "ఇదైతే ముడతలన్నీ అదే తీసేస్తాదండి. అమ్మగారు నలభై ఏళ్లావిడలా వచ్చేస్తారు."

"ముడతలు తీసేస్తే ఇంక నేనేం మిగుల్తాను బాబూ? అవేవీ తియ్యనిది ఉంటే చూపించండి" అంది అమ్మ.

ఎవరూ అడగని, కొత్తగా నేర్చుకునేవాళ్లు వాడే నల్లటి కెమెరా ఒకటి వెనక గదిలోంచి వచ్చింది. సెన్సరు గురించి నేను సంపాదించిన పాండిత్యమంతా నోట్లోనే ఉండిపోయింది. అమ్మ అప్పటికే దాన్ని ఒళ్లో పెట్టుకుంది.

కొత్త వస్తువుని దేవుడికి చూపించకుండా వాడకూడదు కాబట్టి శనివారం వాడపల్లి గుడికి వెళ్లాం. పూజారిగారు కొత్త బండికి పెట్టినట్టే, ఎదురుగా గుండ్రంగా కనిపించిన చోట నిండుగా బొట్టు పెట్టేశారు. అది లెన్సు. నేను అయ్యో అనేలోపు గంధం కూడా అద్దారు. ఇంటికొచ్చి దూది పెట్టి తుడిచి తుడిచి నా వేళ్లు ఎర్రబడ్డాయి.

ఇక ఫోటోలు మొదలయ్యాయి. అమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, అరుగు మీద బిగుసుకుని కూర్చునేది. ఒకదాంట్లో కళ్లు మూసుకుంది. ఒకదాంట్లో మరీ నవ్వింది, పోయినావిడ అంత సంతోషంగా ఉంటే బాగోదంది. బాగానే వచ్చిందనుకున్న ఇంకొకటి చూసి, "అచ్చం మా అక్కలా ఉన్నాను, తీసెయ్" అంది. వాళ్లిద్దరికీ మాటల్లేవు.

మొన్న పొద్దున్న దొడ్లో కూర్చుని చీపురు కోసం కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది. వడియాల మీద వాలబోయిన కాకిని తిట్టి, అదే మొహంతో నా వైపు తిరిగింది. నొక్కేశాను.

తెర మీద చూశాను. ఉంది. ముడతలు, చెదిరిన జుట్టు, కోపం పూర్తిగా దిగని కళ్లు, అమ్మ ఉన్నదున్నట్టుగా ఉంది. ఇన్నాళ్లూ ఈ ఫోటో కోసమేగా ఊరంతా సలహాలడిగాను. ఇంతలో దాని చుట్టూ నాకు ఫ్రేము కనిపించింది. ఫ్రేముకి దండ కనిపించింది. నాకు భయం వేసింది. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గే గానీ, చిన్నపిల్లాడికి వేసినంత భయం వేసింది.

"ఏరా, ఈసారన్నా వచ్చానా?" అంది అమ్మ.

"లేదమ్మా. చెయ్యి కదిలిపోయింది. ఇంకా నేర్చుకోవాలి."

అమ్మ నా మొహంలోకి కాసేపు చూసింది.

"సర్లే, నిదానంగా నేర్చుకో. నాకేం తొందర్లేదు" అని ఇంకో ఆకు అందుకుంది.