నేల తినని చెడ్డీ

దర్జీ మామగారికి ఉన్న పిచ్చి ఒక్కటే. పిడికెడు మట్టి కంటబడితే చాలు, అందులో ఓ కొత్త చెడ్డీ పాతేసేవాడు.

అల్లాటప్పా చెడ్డీ కాదు. అచ్చమైన నూలు గుడ్డ తెచ్చి, తన చేత్తో కుట్టి, నడుముకి ఎలాస్టిక్ ఎక్కించి, ఇస్త్రీ చేసి మరీ పాతేవాడు. "నేలతల్లి నడుము కొలత ఎంతయ్యా?" అని ఎవరైనా ఆటపట్టిస్తే మెడలో టేపు సవరించుకుని, "కాస్త వదులుగానే పెట్టానండి. తిన్నాక పొట్ట పెరుగుతుంది కదా!" అనేవాడు.

దుకాణం కట్టేసి కూతురింటికి చేరాక ఆ పిచ్చి తలకెక్కింది. టీచరమ్మ పూలమడి, బేకరీ వెనక పెరడు, మందుల షాపాయన కుండీలు, ఏదీ వదల్లేదు. ఎవరి చెడ్డీ ఏదో తెలియాలని నడుము పట్టీకి ఇంటికో రంగు బొత్తాం కుట్టేవాడు. ఓసారి ఊపులో ఎవరో పెద్దాయన తీగ మీద ఆరేసుకున్నది కూడా పాతేశాడని, ఆయన వారంపాటు గడప దాటలేదని వీధిలో చెప్పుకుంటారు. అది మరీ అతిశయోక్తి. సాయంత్రానికల్లా దుప్పటి చుట్టుకుని వచ్చి తవ్వుకుపోయాడు.

ఈ భాగోతమంతా మెకానిక్కు అల్లుడికి తలవంపులుగా ఉండేది. ఇంటి పక్కనే అతని స్కూటర్ల షెడ్డు. రిపేరుకొచ్చిన ప్రతివాడూ, "బ్రేకులు బిగించు బాబూ. అన్నట్టు, మా కుండీకి ఇంకా చెడ్డీ రాలేదేమని మీ మామగారినోసారి అడుగు" అనేవాడే.

"మామయ్యా, మీకు దణ్ణం పెడతాను. వీధిలో నా పరువు పోతోంది."

"పరువుకేం అల్లుడుగారూ, గట్టి గుడ్డ. అంత తేలిగ్గా చిరగదు."

"అసలు పాతితే ఏమొస్తుంది?"

"నేల బతికుందో లేదో తెలుస్తుంది. గుప్పెడు మట్టిలో ఎంత సంసారం ఉంటుందనుకున్నారు? కంటికి ఆననివాళ్లు, బూజులు, బుల్లి పురుగులు, వానపాములు. రాలిన ఆకు తిని మొక్కకి వండిపెట్టేది వాళ్లే. నూలు కూడా వాళ్లకి ఆకు కిందే లెక్క. వాళ్లు క్షేమంగా ఉంటే కొన్నాళ్లకి ఎలాస్టిక్ ఒక్కటే మిగులుతుంది. వాళ్లు పోతే చెడ్డీ చెడ్డీలానే ఉంటుంది."

"నా షెడ్డు జోలికి మాత్రం రాకండి. వెనక గోడ దగ్గర చీమ కూడా తిరగదు. అంత శుభ్రం!"

"పాతేశానండీ" అన్నాడు మామగారు వినయంగా. "మీది నల్ల కోటు బొత్తాం."

ఆ చీమ తిరగని గోడకి అవతలే టీచరమ్మ పూలమడి. షెడ్డు పెట్టిన నాటినుంచీ కాలిన ఇంజనాయిలూ, బ్యాటరీల్లోంచి వంపిన నీళ్లూ ఆ గోడ మొదట్లో పోయడం అల్లుడికి అలవాటు. నేలే కదా, తాగేస్తుందనుకునేవాడు. తాగింది. గోడవతల మొక్కలు వరస తర్వాత వరస పసుపెక్కి మాడిపోయాయి.

"నా చేతి గుణం బాబూ" అని టీచరమ్మ గోడమీదుగా వాపోయేది. "బళ్లో పిల్లలు ఏపుగా ఎదిగారు గానీ మొక్కలు నా మాట వినడం లేదు. ఇంక బండలు పరిపించేస్తాను."

"బండలైతే తుడుచుకోవడం తేలికండీ" అన్నాడు అల్లుడు. అన్నాక ఆ పూట అన్నం సహించలేదు.

చెడ్డీలు తవ్వే రోజు దగ్గరపడేసరికి అతనికి లోపల పీకడం మొదలైంది. ముందురోజు మధ్యాహ్నం మామగారు కునుకు తీస్తుండగా గోడ దగ్గర తవ్వి చూశాడు. చెడ్డీ చెక్కుచెదరలేదు. ఇస్త్రీ మడత కూడా నలగలేదు. ఆ నల్లమరకలు వదిలిస్తే పెళ్లికి వేసుకుపోవచ్చు!

రేకు కత్తెర తెచ్చి ఎలాస్టిక్‌కి ఉన్న గుడ్డంతా కత్తిరించేశాడు. పురుగులు కొరికినట్టుండాలని అంచుల్ని ఆకురాయితో రాశాడు. నల్ల బొత్తాంతో సహా పట్టీని మళ్లీ పాతి, గుడ్డ జేబులో కుక్కుకున్నాడు. నమ్మకం కుదరాలని బేకరీ పెరట్లోంచి ఓ వానపామును తెచ్చి వదిలాడు కూడా. అది ఆ మట్టి వాసన చూసి గోడెక్కి దూకిపోయింది. వానపాము పరిగెత్తగా చూసిన మనిషి లోకంలో అతనొక్కడే.

మర్నాడు వీధంతా పోగైంది. బేకరీ పెరట్లో ఎలాస్టిక్ ఒక్కటే మిగిలింది, చప్పట్లు మోగాయి. మందుల షాపాయనది వలలా చిల్లులు పడి వచ్చింది. "ఆకలి కాస్త మందగించిందండీ, ఆకులెరువు వేయండి" అని మామగారు మందు రాశాడు.

టీచరమ్మ మడిలో తవ్వితే విచిత్రం! చెడ్డీకి ఓ కాలు పూర్తిగా మాయం. గోడవైపు కాలు మాత్రం కొత్తదానిలా ఉంది.

"సగం నేలకి ఉపవాసమా ఏమిటి!" అని ఎవరో అన్నారు. అందరితోపాటు టీచరమ్మా నవ్వింది గానీ, ఆ మిగిలిన కాలు మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

ఇక షెడ్డు వంతు. "ఇది నేను తవ్వుతాను, మీరంతా దూరంగా ఉండండి" అని మామగారు ఎన్నడూ లేనిది హడావుడి పడ్డాడు. టీచరమ్మ వింటేనా! పార లాక్కుని తనే తవ్వింది. నల్ల బొత్తాం ఎలాస్టిక్ చేతికొచ్చింది.

"అబ్బో! ఆయిలు షెడ్డు నేలకి ఇంత ఆకలా!" అన్నాడు మందుల షాపాయన.

"ఆగండి, కింద ఇంకేదో ఉంది" అని టీచరమ్మ మరికాస్త తవ్వి లాగింది. ఇంకో ఎలాస్టిక్. దానికీ నల్ల కోటు బొత్తామే.

అందరూ నోళ్లు తెరిచారు. "చెడ్డీ ఈనిందా ఏం?"

మామగారు తలెత్తి ఆకాశంలోకి చూస్తూ, "మబ్బు పట్టేలా ఉందే" అన్నాడు. ఎండ పెళపెళలాడుతోంది.

అల్లుడి చెవులు కాలిపోయాయి. ఒకటి తను కత్తిరించింది. మరి రెండోది? పాతిన రోజే మామగారు అడుగున దాచి ఉంచాడన్నమాట. నేల తినకుండా చెడ్డీ మిగిలితే, దాన్ని మట్టిలోనే తొక్కేసి ఈ పట్టీని పైకి తీయడానికి. అంటే మొదటినుంచీ అంతా తెలుసు! తెలిసీ అల్లుడి పరువుకి అడుగు గుడ్డ వేశాడు.

అక్కడితో ఊరుకుంటే అల్లుడి పెద్దమనిషి వేషం నిలిచేదే. కానీ టీచరమ్మ పార కింద పెట్టి మెల్లిగా అంది: "ఈ నేలే రెండేసి తింటోందంటే లోపం నా చేతిదే. రేపే బండలు వేయిస్తాను."

అల్లుడు జేబులోంచి నల్లమరకల గుడ్డ తీసి అందరి ముందూ పరిచాడు.

"నేల తినలేదు టీచరమ్మా, నేనే కత్తిరించాను. మీ మొక్కల్ని చంపింది మీ చెయ్యి కాదు, ఇదిగో, ఈ చెయ్యి. ఇన్నేళ్లూ ఆయిలంతా ఈ గోడ మొదట్లోనే పోశాను."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. అన్నాళ్లూ మామగారిని చూసి సిగ్గుపడిన మనిషికి, అసలు సిగ్గంటే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

టీచరమ్మ దగ్గరికొచ్చి అతని చెవి పట్టుకుంది. "బండలు మానేస్తున్నాను. ఈ మట్టంతా నువ్వే తవ్వి తీయాలి. మళ్లీ చుక్క పోశావో, బెంచీ ఎక్కిస్తాను!"

సాయంత్రం అల్లుడు తలెత్తకుండానే అడిగాడు: "తెలిసీ ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"చెబితే వేలెత్తి చూపినట్టు ఉండేది. మీ ఒక్కరి దగ్గర పాతినా అంతే. అందుకని వీధంతా పాతాను. జనం నన్ను చూసి నవ్వుకుంటుంటే మిమ్మల్నెవరు చూస్తారు? మీ అంతట మీరే తవ్వి చూసుకుంటారనుకున్నాను."

"మరి టీచరమ్మ బండలు?"

"మేస్త్రీకి ఉచితంగా చెడ్డీలు కుట్టిచ్చి వాయిదా వేయిస్తున్నాను లెండి. కాకపోతే..."

"కాకపోతే?"

"ఆ కత్తిరింపు చూసి మాత్రం సిగ్గుతో చచ్చిపోయాను అల్లుడుగారూ! దర్జీ అల్లుడు గుడ్డని అంత వంకరగా కోస్తాడా!"

ఆపైన కాలిన ఆయిలు మూత డబ్బాల్లోకి ఎక్కి, దాన్ని శుద్ధి చేసేవాళ్ల దగ్గరికి పోసాగింది. గోడకి అటూ ఇటూ నల్లమట్టిని తవ్వి తీయించి, మంచి మట్టీ ఆకులెరువూ నింపారు. నల్ల బొత్తాంతో కొత్త చెడ్డీ దిగింది. నేల మాత్రం తొందరపడలేదు. ఓ ఋతువు గడిచింది, ఇంకోటి గడిచింది. ఓ పొద్దున షెడ్డు వెనక చీమల బారు కనిపిస్తే అల్లుడు గొంతుక్కూర్చుని, స్కూటర్లవాళ్లని "ఆగండి, వాళ్లని దాటనివ్వండి" అని ఆపేశాడు.

ఆ రోజే తవ్వాడు. చెడ్డీకి వెనకవైపు బొటనవేలంత చిల్లు!

అంతే, దాన్ని రెండు చేతులా తలపైకెత్తి వీధిలోకి పరుగు తీశాడు. "టీచరమ్మా! చిల్లు పడింది! చిల్లు పడింది!"

వెనకాల టేపు వేలాడుతుండగా మామగారు రొప్పుతూ పరిగెత్తాడు. "అల్లుడుగారూ, దించండి! నలుగురూ చూస్తున్నారు! పరువు పోతుంది!"

"పోదు మామయ్యా!" అరిచాడు అల్లుడు ఆగకుండానే. "గట్టి గుడ్డ!"