రెండో పొంగు

కిందటేడు మా అన్న పోయాడు. తమిళనాడులోని కంబం దగ్గర ద్రాక్షతోటలో ఆయనకు చిన్న వైన్ తయారీ షెడ్డు ఉండేది. నేను మదురైలో కాలేజీ లైబ్రేరియన్‌ని. పదహారో రోజు కర్మ అయిన మర్నాడు షెడ్డుకి వెళ్ళాను. అన్న పులియబెట్టిన చివరి పీపా అప్పటికే పొంగి చల్లబడింది. అందులో మళ్ళీ సన్నగా బుడగలు లేస్తున్నాయి.

ఈస్టు పని ముగిశాక బుడగలొస్తే బాక్టీరియా చేరి వైన్ చెడినట్టేనని ఎక్కడో చదివాను. ఇరవై ఏళ్ళుగా అక్కడ పనిచేస్తున్న రంగమ్మక్కను పనివాళ్ళందరి ముందూ అడిగాను. “చేతులు కడగకుండా ముట్టినావా?”

“కెట్టుపోలేదు సిన్నయ్యా. ఈస్టు చచ్చి అడుక్కి దిగితే, దాని సత్తువ తిని ఇంకో క్రిమి లేస్తుంది. అదే పులుపు విరిచేది. పెద్దయ్య దీనికే కాచుకొనుండె.”

“నాకు పాఠం చెప్పొద్దు” అని, క్రిముల్ని చంపే సల్ఫైట్ పొడి నా చేత్తోనే కలిపాను. బుడగలు ఆగిపోయాయి.

వారం తర్వాత అన్న నోటుబుక్కు దొరికింది. ఏటా అదే మాట రాసుకున్నాడు: “రెండో పొంగు మొదలైంది. సల్ఫైట్ వేయకూడదు.” ఆయన చివరి వైన్ నాలుక కోసే పులుపుతోనే ఉండిపోయింది.

తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకున్నాను. “పోనీండి సిన్నయ్యా” అంది రంగమ్మక్క. సగం చదువుతో ఒక మనిషి పనితనాన్ని అవమానించాను. ఇప్పటికీ నేను షెడ్డులో ఉంటే, పీపా ముట్టేముందు ఆమె రెండు చేతులూ చాచి నాకు చూపిస్తుంది. వద్దక్కా అన్నా మానదు.