ఊపిరితిత్తి పైనా, లోపలా?

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. బరంపురంలో ఒక చిన్న స్కానింగ్ సెంటర్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా నాకప్పటికి ఆరేళ్ల అనుభవం. ఎక్స్‌రే చూసి రిపోర్టు రాసే డాక్టరు, అంటే రేడియాలజిస్టు, మా దగ్గర ఉండరు. ఫిలిం కంప్యూటర్లో భువనేశ్వర్ వెళ్తుంది, రిపోర్టు ఇంగ్లీషులో తిరిగొస్తుంది. దానికి ఒక కవర్ షీటు పెట్టి, సారాంశం ఒక్క లైనులో టైపు చేసి ఇవ్వడం నా పని.

ఒకరోజు పొడంపేట నుంచి అప్పలస్వామి అనే చేపల వేటగాడు వచ్చాడు. యాభై దాటినవాడు, నెల రోజులుగా దగ్గు. వెంట భార్య ఎర్రమ్మ. చొక్కా, మెళ్లో తాయెత్తు తీయించి ఛాతీకి ఎక్స్‌రే తీశాను. కుడివైపు కింద, తెల్లగా, అంగుళం పొడవున సూదిలాంటి గీత కనిపించింది. తాయెత్తు ఉండిపోయిందేమో అనుకున్నాను. ఎర్రమ్మ గుప్పిట విప్పి చూపించింది, తన చేతిలోనే ఉంది. మళ్లీ తీశాను. గీత అక్కడే ఉంది.

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. కుడి ఊపిరితిత్తి కింది భాగం 'ఓవర్' లోహపు ముక్క కనిపిస్తోందని రాశారు. ఆ 'ఓవర్' దగ్గర ఆగిపోయాను. బడిలో పెట్టెలో ఉంటే ఇన్, పెట్టె మీద ఉంటే ఆన్ అని నేర్పారు. ఓవర్‌కి చెట్టు మీదుగా ఎగిరే పిట్టను చూపించారు. ఊపిరితిత్తి మీదుగా సూది ఎలా ఎగురుతుంది? వాళ్లిద్దరూ ఎదురుగా నిలబడి ఉన్నారు. 'పైన' ఉందని నోటితో చెప్పాను. కవర్ షీటు మీద మాత్రం, ఊపిరితిత్తి అన్నాక లోపలే కదా అనుకుని, 'నీడిల్ ఇన్ రైట్ లంగ్' అని టైపు చేశాను.

పదిరోజుల తర్వాత ఇద్దరూ తిరిగొచ్చారు. దగ్గు మందులకు తగ్గిపోయింది. మనిషి మాత్రం సగమయ్యాడు. వాళ్ల డాక్టరు గారు నా లైను చూసి, ఛాతీ ఆపరేషన్ కోసం పెద్దాసుపత్రికి చీటీ రాశారట. ఎల్లుండే చేరాలి. అప్పలస్వామి వేటకెళ్లడం మానేశాడు. రాత్రుళ్లు గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడని ఎర్రమ్మ చెప్పింది.

"నువ్వు పైనన్నావు, డాట్రుబాబు లోనన్నారు. ఏటి నిజం సెప్పమ్మా," అన్నాడు. "గట్టిగా పీలిస్తే గుచ్చుకుంటదని సగం ఊపిరే పీలుస్తన్నాను."

రిపోర్టులో ఆ 'ఓవర్' ఉన్న లైనే మళ్లీ చదివాను, ఏమీ తేలలేదు. చివరికి రేడియాలజిస్టుకి ఫోన్ చేశాను. ఆయన ఓపిగ్గానే చెప్పారు.

"ఇన్ అని నేను రాయలేదు, ఆన్ అనీ రాయలేదు. నీడ పడిన చోటు చెప్పాను, అంతే. కింద చివరి లైను చూశావా?"

చూడలేదు. లాటరల్ వ్యూ తీయమని రాసి ఉంది. అంటే మనిషిని పక్కకి తిప్పి తీసే ఎక్స్‌రే. ఎదురుగా తీసిన ఫిలింలో ఛాతీ మీదున్నదీ, లోపలున్నదీ, వీపు వెనకున్నదీ ఒకే చోట పడతాయి. అది నాకు చదువుకునేటప్పుడే తెలుసు. తెలిసి కూడా, ఆ ఒక్క మాటకి తెలుగు వెతుకుతూ మర్చిపోయాను.

వెంటనే పక్కకి నిలబెట్టి తీశాను. స్క్రీన్ మీద ఊపిరితిత్తి, దాని వెనక పక్కటెముకలు, ఎముకలకీ బయట, వీపు కండలో ఆ గీత. ఎర్రమ్మ స్క్రీన్ చూడలేదు. మొగుడి వెనక్కెళ్లి అరచేత్తో వీపు తడిమింది.

"ఇక్కడ గట్టిగా తగుల్తంది," అంది నెమ్మదిగా.

అప్పుడతనికి గుర్తొచ్చింది. ఎన్నో ఏళ్ల కిందట ఒక తుఫానులో పడవ ఒడ్డుకి లాగుతుంటే ఇనప తీగల తాడు తెగి వీపుకి కొట్టింది. నెత్తురొస్తే పసుపు పెట్టి ఊరుకున్నారట. అదంతా చెప్పాక, కుర్చీలో కూర్చుని నిండా ఊపిరి పీల్చాడు. మరోసారి పీల్చాడు. నేను క్షమించమన్నాను. ఆయన తల ఊపాడు. ఎర్రమ్మ ఊపలేదు. ఆవిడ కోపం న్యాయమే.

రేడియాలజిస్టు రాసి పంపిన కొత్త రిపోర్టుతో పెద్దాపరేషన్ ఆగిపోయింది. బరంపురంలోనే సర్జన్ వీపుకి మత్తిచ్చి, చిన్న గాటు పెట్టి ఇనప ముక్క తీసేశారు. నెల తిరక్కుండా అప్పలస్వామి సముద్రం మీదికెళ్లాడని వాళ్ల ఊరినుంచి వచ్చిన ఇంకో పేషెంటు చెప్పాడు.

ఇప్పటికీ ఇన్, ఆన్, ఓవర్ నాకు పూర్తిగా పట్టుబడ్డాయని చెప్పలేను. అర్థంకానిచోట ఫోన్ చేసి అడుగుతాను. ఈలోగా పేషెంటు అడిగితే, "ఫొటోలో ఇక్కడ కనబడుతోంది, లోపలో బయటో ఇంకా తెలీదు" అంటాను. తెల్లకోటు వేసుకుని తెలీదనడం మొదట్లో సిగ్గనిపించేది. కానీ ఆ మాటకి భయపడి ఎవరూ సగం ఊపిరితో బతకలేదు.