కండెల మిషను జాగాలో కంప్యూటర్

జీవితంలో చాలా నిర్ణయాలు నేను ఐదు నిమిషాల్లోనే తీసుకున్నాను. ఇంజనీరింగులో ఏ బ్రాంచిలో చేరాలన్నది కౌన్సెలింగ్ సెంటరు బయట చెరుకురసం తాగుతూ తేల్చుకున్నాను. కంప్యూటర్‌కు విడిభాగాలు ఎంచుకోవడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

ఈ నాలుగు నెలలూ నాతో పాటు ఆలోచించినవాడు కాలేజీ దోస్తు. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపమొస్తే రెండూ మాట్లాడతాడు. కరీంనగర్ బస్టాండు దగ్గర వాళ్ల అన్నకు కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఉంది. మా ఊరి నుంచి గంట బస్సు. నేను వెళ్లినప్పుడల్లా కౌంటరు మీద ఒక తెల్లకాగితం పరిచి మళ్లీ మొదటి నుంచీ రాసేవాళ్లం.

బయటివాళ్లకు ఇదంతా చాదస్తంగా కనిపిస్తుంది. ప్రాసెసర్ కొంటే దాని కాళ్లకు సరిపోయే మదర్‌బోర్డు కావాలి. ఆ బోర్డు ఒప్పుకునే ర్యామ్ కావాలి. గ్రాఫిక్స్ కార్డు జానెడున్నర పొడవుంటుంది, అది పట్టే డబ్బా కావాలి. ప్రాసెసర్‌ను చల్లబరిచే నీళ్ల కూలర్ ఆ డబ్బా ముందుభాగంలో ఇమడాలి. వీటన్నిటికీ చాలినంత కరెంటిచ్చే పవర్ సప్లై ఉండాలి. ఒకటి మారిస్తే మిగతావన్నీ అలిగి కూర్చుంటాయి.

ఒకరోజు అవ్వ, అంటే మా అమ్మ, ఆ కాగితం చూసి, "గిన్ని జోడు సూసుడు మీ అక్క లగ్గానికి సుత సూడలే" అంది. బావ ఆ పక్కనే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇంకో బిస్కెట్టు ముంచుకున్నాడు.

ఇంత పెద్ద మిషను గేమ్‌ల కోసమని ఇంట్లో చెప్పలేదు. చెప్పింది అబద్ధమూ కాదు. కరీంనగర్‌లో ఒక గ్రానైట్ వ్యాపారి, తన రాళ్లు పరిచిన ఇల్లు ఎలా ఉంటుందో కదిలే బొమ్మగా చేసి చూపించేవాళ్ల కోసం వెతుకుతున్నాడు. ఆ పనికీ, గేమ్‌లకూ కావలసిన గ్రాఫిక్స్ కార్డు ఒకటే. ఆ విషయంలో నాది మంచి జాతకం.

మా బాపు ముప్పై ఏళ్లుగా సాంచలు నడిపినవాడు. సాంచ అంటే మరమగ్గం. ఇంటి వెనక షెడ్డులో నాలుగు ఉండేవి. అంతా విని బాపు ఒక్క షరతు పెట్టాడు.

"దసరా దాక సూద్దాం రా. పని దొరికితె ఇంట్ల కూసోని చేస్కో. లేకుంటె హైదరాబాద్ పోయి గా సర్కారు పరీక్షలకు చదువు."

ఆ కోచింగ్ హాస్టళ్లలో ఏళ్ల తరబడి చదువుతున్నవాళ్లను నేను చూశాను. వాళ్లలో చేరే తొందర నాకు లేదు.

ఇంట్లో ఖాళీ ఒక్కచోటే దొరికింది. షెడ్డు గుమ్మం పక్కన, అవ్వ కండెలు చుట్టే మిషను ఉన్న చోటు. సాంచలోకి వెళ్లే నూలును కండెలకు చుట్టేది అవ్వే. ఆ మిషనును వసారాలోకి జరిపి అక్కడ నా బల్ల వేశారు.

"ముప్పయ్యేండ్ల మిషను ఎండల, నిన్నగాక మొన్నొచ్చింది నీడల" అంది అవ్వ.

బిగించే రోజు దోస్తు డబ్బాలన్నీ ఆటోలో వేసుకుని వచ్చాడు. మధ్యాహ్నానికి అన్నీ కుదిరాయి. ఒక్క స్క్రూ కూడా మిగల్లేదు. అది అరుదైన విషయమని వాడే చెప్పాడు. ఆన్ చేస్తే నీలం, ఎరుపు లైట్లు వెలిగాయి. "పీరీల కొట్టం లెక్కున్నది" అని మొహర్రం పండుగను తలుచుకుని అవ్వ మెచ్చుకుంది. చప్పుడు చేయని ఫ్యాన్ల కోసం మేం మూడు వారాలు వాదించుకున్నాం. గోడ అవతల నాలుగు సాంచలు నడుస్తున్నాయి. ఫ్యాన్ల చప్పుడు నిజంగానే వినిపించలేదు.

బాపు వచ్చి డబ్బా చుట్టూ ఒకసారి తిరిగి, ముందున్న సన్న కన్నాల జాలి మీద వేలు పెట్టి చూశాడు.

"గాలి ఎటుకెళ్లి తీస్కుంటది బిడ్డా?" అని దోస్తును అడిగాడు.

"ముంగటికెళ్లి గుంజి ఎన్కకు వదుల్తది కాకా. గింత పెద్ద జాలి ఉన్న డబ్బా కరీంనగర్‌ల ఎవ్వని తాన లేదు."

"గీ రూముల గాలేనా?"

"ఏ రూముదైతేంది కాకా, గాలి గాలే కద."

"మంచిది" అని బాపు షెడ్డులోకి వెళ్లిపోయాడు.

మూడు వారాలు బాగానే గడిచాయి. పగలు ఇళ్ల బొమ్మలు నేర్చుకునేవాణ్ణి. ఆదివారం దోస్తు వస్తే ఇద్దరం గేమ్ ఆడేవాళ్లం. ఒకసారి బాపు వెనక నిలబడి, మేం ఒక బంగళాలో దూరి అందర్నీ కాల్చడం చాలాసేపు చూసి, "గీ ఇంటికి రాళ్లెప్పుడు పరుస్తరు?" అని అడిగాడు.

దసరా దగ్గరపడుతుండగా వ్యాపారి ఒక హాలు, ఒక మెట్లవరస ఇచ్చాడు. శుక్రవారం సాయంత్రంలోగా బొమ్మ పంపితే నెలనెలా పనిస్తానన్నాడు. బుధవారం పని మొదలుపెట్టాను. పావుగంటకు కంప్యూటర్ ఠక్కున ఆగిపోయింది. మళ్లీ పెట్టాను. మళ్లీ పావుగంట.

గురువారం పొద్దున్నే దోస్తు ఇంకో పవర్ సప్లై సంచిలో వేసుకుని మొదటి బస్సుకు దిగాడు. అది మార్చాం. ఆగిపోయింది. ర్యామ్ ఇటుది అటు పెట్టాం. ఆగిపోయింది. ఇక మిగిలింది ఒకర్నొకరు తిట్టుకోవడం.

"నేను జెప్పిన్నా లేదా యార్, గా బోర్డు నక్కో, వద్దు అని?"

"జెప్పినవ్. జెప్పి నువ్వే తెచ్చినవ్."

"నువ్వు జిద్దు చేస్తే తెచ్చిన! జోడు కుదరలే. మొత్తం తీస్కపోయి బోర్డు మార్పిస్త. పదిరోజులు."

పదిరోజులంటే శుక్రవారం పోయినట్టే. శుక్రవారం పోతే హైదరాబాదే. నేను డబ్బా మూత పట్టుకుని నిలబడ్డాను. బాపు చాయ్ కోసం అప్పుడే లోపలికొచ్చాడు.

"ముంగటి జాలి విప్పిన్రా?"

పక్కలు విప్పాం, పైన విప్పాం, వెనక విప్పాం. ముందుది విప్పలేదు. అది అందంగా ఉంటుంది.

విప్పితే లోపల కూలర్ మీద వేలు మందాన తెల్లటి నూలు పొట్టు, దుప్పటిలా పరుచుకుని ఉంది. దోస్తు దాన్ని ఒక కొస పట్టి లాగితే ఒకే ముక్కగా వచ్చింది. గాలి అందక ప్రాసెసర్ వేడెక్కి ఆగిపోతోందన్నమాట.

"అరె యార్, పరుపుల దుకాణం పెట్టినవ్ లోపల!"

నేను పుట్టింది ఆ పొట్టులోనే. అది అవ్వ కనుబొమల మీద ఉండేది, బాపు మీసం మీద ఉండేది, అన్నం కంచంలో కూడా కొంచెం ఉండేది. ఇరవై రెండేళ్లు పీల్చినదాన్ని నేను చూడనే లేదు. ప్రతి భాగానికీ ప్రతి భాగంతో పొత్తు కుదిర్చాం. ఇంటితో కుదిర్చామా అన్నది కాగితంలో రాయలేదు.

"గప్పుడే ఎందుకు చెప్పలే బాపు?"

"అడిగితి కద. గాలి గాలే అన్నరు."

దోస్తు ఆ పొట్టు దుప్పటిని జాగ్రత్తగా మడతపెట్టాడు.

బాపు షెడ్డులోంచి మూడు గుడ్డముక్కలు తెచ్చాడు. మొదటిది నోటికి అడ్డంగా పట్టుకుని, అగ్గిపుల్ల వెలిగించి గుడ్డ లోంచి ఊదాడు. మంట కదల్లేదు. "గాలి పోదు" అని పక్కన పడేశాడు. రెండోది కట్లు కట్టే గుడ్డలా పలచనిది. ఊదీ ఊదకముందే మంట ఆరింది. చిటికెడు పొట్టు దాని మీద వేసి రాస్తే అవతలికి దిగింది. "పొట్టు సుత పోతది." మూడోదానికి మంట కాస్త వణికి, ఆలోచించి, ఆరింది.

"గిది."

నాలుగు నెలల్లో మేం చూసిన వీడియోల్లో ఈ పరీక్ష ఎవరూ చూపించలేదు. అవ్వ అంచులు కుట్టింది, బాపు నూలు తాడుతో జాలికి బిగించాడు. ఫ్యాన్లు ఆ గుడ్డను మెల్లగా లోపలికి గుంజుకుని ఊపిరి తీసుకున్నాయి.

పావుగంట అయింది. ముగ్గురం తెర వైపు చూస్తున్నాం. అరగంట అయింది. "ఇగ నడుస్తది" అని బాపు లేచాడు. శుక్రవారం మధ్యాహ్నానికి బొమ్మ పంపాను. రాయి ఇంకొంచెం మెరవాలని వ్యాపారి జవాబిచ్చాడు. ఆ వ్యాపారంలో అది మెచ్చుకోలు. హైదరాబాద్ ఊసు మళ్లీ ఇంట్లో రాలేదు.

అప్పటి నుంచీ శనివారం సాంచలు తుడిచేటప్పుడు బాపు నా గుడ్డ కూడా విప్పి వాకిట్లో దులిపేవాడు. "ఐదో సాంచ తుడిసిన" అని అవ్వకు చెప్పేవాడు. దోస్తు ఇప్పుడు మా వైపు నుంచి ఎవరొచ్చినా మొదట "ఇంట్ల సాంచలున్నయా?" అని అడుగుతాడట. ప్రాసెసర్ సంగతి ఆ తర్వాతే.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో అద్దెకుంటున్నాను. పోయినేడు కొత్త కంప్యూటర్ బిగించుకున్నాను. ఆరు నెలల తర్వాత ముందు జాలి విప్పితే, వేలికి అంటేంత దుమ్మే ఉంది, పొట్టు లేదు. కాసేపు అలాగే చూసి మళ్లీ పెట్టేశాను. చుట్టుపక్కల ఒక్క సాంచ కూడా లేదు. ఈ నిశ్శబ్దంలో ఆ ఖరీదైన ఫ్యాన్ల చప్పుడు చక్కగా వినిపిస్తుంది.

మొన్న బాపు వచ్చాడు. కూర్చోకముందే సంచిలోంచి గుడ్డ తీశాడు. అవ్వ అంచు కుట్టి పంపింది. పాత డబ్బా కొలతకు కుట్టింది, కొత్తదానికి రెండు వేళ్లు తక్కువొచ్చింది.

"గిక్కడ పొట్టు లేదు బాపు" అన్నాను.

"లేకుంటె లేదు తియ్" అంటూనే గుడ్డను లాగి లాగి నాలుగు మూలలా కట్టాడు.

దాంతో ప్రాసెసర్ వేడి రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. చూపించనీ. తట్టుకుంటుంది.